ఈమెయిలునకు విడిది యెక్కడ?



మన పల్లెలలో గ్రంథాలయ సంఘము గాని, పాల సహకార సంఘము గాని, దేవాలయ ధర్మకర్తల మండలి గాని కేవలము కాగితముతోనే పని నడుపుకొను కాలము గడచిపోయినది. బ్యాంకువారు లెక్కల పట్టీని ఈమెయిలుకు పంపుదుమందురు. కచేరీవారు దరఖాస్తు నకలును ఈమెయిలులో కోరుదురు. దూరదేశములలో స్థిరపడిన ఊరివారు చందా పంపదలచినపుడు, మీ సంఘమునకు వెబ్‌సైటు ఉన్నదా యని మొదట అడుగుదురు. అందుచేత సంఘమునకొక ఈమెయిలు చిరునామా, ఒక వెబ్‌సైటు కావలెనని సభలో తీర్మానమగును. "ఆ పని కుర్రవాండ్రు చూచుకొందురులే" యని పెద్దలు సంతకము పెట్టి లేచిపోవుదురు. కుర్రవాడొకడు ఒక సాయంకాలము ఏదో యొక సంస్థను ఎంచి, తన పేరనే ఖాతా తెరచును. దానితో పని ముగిసినదని తలతుము. నిజమునకు అప్పుడే మొదలైనది.

ఏలయన, ఆ సాయంకాలము ఎన్నుకొన్న సంస్థ చేతికి సంఘము యొక్క ఉత్తర ప్రత్యుత్తరములు, తీర్మానములు, దాతల పేర్లు, లెక్కలు సమస్తము ఏండ్ల తరబడి చేరుచుండును. నిన్నటి వరకు ఇవి సంఘపు బీరువాలో నుండెడివి. తాళముచెవి కార్యదర్శి మొలలో నుండెడిది. ఇకమీదట బీరువా పరులయింట నుండును. ఎవరి యింట నుంచవలెను, తాళముచెవి ఎవరి చేత నుండవలెను అను విచారము కుర్రవాండ్రది కాదు, పెద్దలది. ఇందులకు కంప్యూటరు విద్య అక్కరలేదు. గడచిన అరువది యేండ్లలో ఈ విద్య నడచి వచ్చిన త్రోవ తెలిసిన చాలును. ఆ త్రోవను మీకు క్లుప్తముగా చెప్పుటయే నేటి నా ప్రసంగము.

మొదట ఈమెయిలు ఎట్లు పుట్టినదో చూతము. 1965లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఒకే పెద్ద కంప్యూటరును పలువురు పంచుకొని వాడుచుండిరి. అందులో ఒకరు వ్రాసి పెట్టిన చీటిని మరియొకరు చదువుకొను ఏర్పాటు జరిగెను. అది ఒకే యింటి గూటిలో చీటి పెట్టుట వంటిది. ఉత్తరము గడప దాటలేదు. 1969లో దూరముననున్న కంప్యూటరులను కలుపు ఆర్పానెట్ అను వల ఏర్పడెను. 1971లో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఆ వల మీదుగా ఉత్తరము పంపెను. ఆ యంత్రములు రెండును ఒకే గదిలో ప్రక్కప్రక్కనే యుండినవి. ఐనను ఉత్తరము మాత్రము వల మీదనే పోయినది.

అపుడు ఆయనకొక చిక్కు తోచెను. ఉత్తరము ఎవరికో వ్రాసినచో చాలదు. ఆ మనిషి ఏ యంత్రమునందున్నాడో కూడ వ్రాయవలెను. పేరునకును, యంత్రమునకును నడుమ ఏ గుర్తు పెట్టుట? ఇంగ్లీషు వర్తకులు చిట్టాలలో "ఇంత ధర చొప్పున" అని వ్రాయుటకు వాడు గుర్తు, ఏ అక్షరము చుట్టు తోక తిప్పినది, ఆయన కంటబడెను. దానినే ఎన్నుకొనెను. మన గుమాస్తాలు దానిని నేటికిని "ఎట్ ది రేట్" అనియే పిలుచుటకు కారణమిదియే. ఆ గుర్తునకు ఎడమ ప్రక్కనున్నది మనిషి పేరు. కుడి ప్రక్కనున్నది ఇంటి పేరు. పెద్దలారా, ఈ కుడి ప్రక్క మాటను జ్ఞాపకముంచుకొనుడు. నేను చెప్పబోవునదంతయు ఆ కుడి ప్రక్కనున్న పేరు ఎవరిది అను ప్రశ్న చుట్టునే తిరుగును.

ఆ కాలమున కంప్యూటరులు ఒక్కొక్క కంపెనీవి ఒక్కొక్క తీరున నుండెడివి. ఒకదాని భాష మరియొకదానికి తెలియదు. నేడు మన సంఘములో అధ్యక్షుని చేత ఒక తరహా ఫోను, కార్యదర్శి యింట ఒక పాత కంప్యూటరు, కోశాధికారి కుమారుని చేత ఆపిల్ కంపెనీ ఫోను ఉన్నట్లే, ఆనాడును జాతిజాతి యంత్రములుండెను. వీటి నన్నిటిని ఒక్క కంపెనీవే కొనుడని ఎవరును శాసింపలేదు. దానికి మారుగా, యంత్రమేదైనను ఉత్తరము అందించు పద్ధతి మాత్రము ఒకటిగా నుండవలెనని పెద్దలు నిశ్చయించుకొనిరి. 1982లో జాన్ పోస్టెల్ అను విద్వాంసుడు ఆ పద్ధతిని అందరును చదువుకొనునట్లు వ్రాసి ప్రకటించెను. ఎస్.ఎమ్.టి.పి. అని దాని పేరు. దానికి రుసుము లేదు, అనుమతి అక్కరలేదు. అప్పటినుండి ఎన్నియో సవరణలు జరిగినను, నేటికిని లోకములోని ఈమెయిలు అంతయు ఆ మార్గముననే ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవుచున్నది.

ఇందులకు విరుద్ధముగా నడచినవారును కలరు. అమెరికాలో కంప్యుసర్వ్, ఎమ్.సి.ఐ. మెయిల్ వంటి కంపెనీలు రుసుము పుచ్చుకొని ఉత్తరముల వ్యాపారము చేసెను. ఐతే ఆ కాలమున ఒక కంపెనీ ఖాతాదారు మరియొక కంపెనీ ఖాతాదారునకు ఉత్తరము వ్రాయుట కష్టముగా నుండెను. కోట గోడల లోపల రాజ్యమంతయు బాగుగనే యుండును. వెలుపలివారితో మాట లేదు. 1989లో ఎమ్.సి.ఐ. మెయిల్‌ను ఇంటర్నెట్టు వలతో కలుపుటతో ఆ గోడకు మొదటి ద్వారము తెరచినట్లయ్యెను. తరువాత తక్కిన కోటలును ఒక్కొక్కటిగా ద్వారములు తెరచినవి. అందరికి తెరచియున్న బాట నిలిచినది. గోడ కట్టుకొన్న కోట నిలువలేదు. ఇది చరిత్ర చెప్పు మొదటి మాట.

ఇక పేరు మాట. వల చిన్నదిగా నున్నపుడు అందులోని యంత్రముల పేర్లన్నియు ఒకే జాబితాలో వ్రాసి, స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయములో ఒక కార్యాలయమువారు భద్రపరచుచుండిరి. యంత్రములు పెరిగిన కొలది ఆ జాబితా మోయరాని బరువైనది. 1983లో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు డొమైను పేర్ల పద్ధతిని కల్పించెను. దీనిని మన భూముల పద్ధతితో పోల్చి చెప్పెదను. ప్రతి పొలమునకు సర్వే నంబరొకటి యుండును. ఊరివారు మాత్రము "చింతచెట్టు చేను" అనియో "కాలువ గట్టు చేను" అనియో పిలుతురు. అట్లే వలలోని ప్రతి యంత్రమునకు ఒక అంకెయుండును. మనుష్యులు పిలుచుటకొక పేరుండును. ఆ పేరునకు ఏ అంకె అని చెప్పునదే ఈ పద్ధతి. ఇందులోని గొప్ప యేమనగా, అంకె మారినను పేరు మారనక్కరలేదు. ఇల్లు మారి వేరొక ఇంటికి పోయినను, అదే పేరు మనతో వచ్చును. ఉత్తరము వ్రాయువారికి మన ఇల్లు మారిన సంగతియే తెలియదు.

1986లో దీనికి మరియొక సౌకర్యము చేరెను. ఒకే పేరు క్రింద ఉత్తరములు ఒక చోటికి, తక్కిన వ్యవహారములు మరియొక చోటికి పోవునట్లు చీటి వ్రాసి పెట్టుకొనుటకు వీలు కలిగెను. అందుచేత నేడు పేరు ఒక సంస్థ వద్ద, ఈమెయిలు రెండవ సంస్థ వద్ద, వెబ్‌సైటు మూడవ సంస్థ వద్ద నుంచుకొనవచ్చును. మూడింటిని ఒకే సంస్థకు అప్పగింపవలెనను నియమమేమియు లేదు. అమ్మువారు మాత్రము మూడును కలిపి ఒకే కట్టగా ఇచ్చెదమందురు. అది సులభమే, కాని విడదీయుటకు వీలున్నదో లేదో ముందే అడిగి తెలిసికొనవలెను.

పిదప, వచ్చిన ఉత్తరము ఎచ్చట నిలువయుండవలెను అను ప్రశ్న వచ్చినది. 1984లో పాప్ అను పద్ధతి వచ్చెను. ఇంటనున్న కంప్యూటరు పోయి సర్వరులోని ఉత్తరములను దించుకొని వచ్చును. సర్వరనగా ఎల్లప్పుడు వలలో మేల్కొనియుండి, అడిగినవారికి అడిగినది అందించు కంప్యూటరు. దించుకొన్న పిమ్మట అసలు ప్రతి సాధారణముగా ఇంటి కంప్యూటరునందే యుండును, సర్వరునందు చెరిపివేయబడును. మనిషికొక కంప్యూటరే యున్న కాలమున ఇది చాలెను. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అనునాయన ఐమాప్ అను వేరొక పద్ధతిని రచించెను. ఇందులో ఉత్తరములు సర్వరునందే నిలిచియుండును. ఫోనునుండి గాని, కంప్యూటరునుండి గాని ఎవరు చూచినను అదే దస్త్రమును చూతురు. ఒకచోట చదివినది అన్నిచోట్ల చదివినట్లే కనబడును. ఒక ఫోను బావిలో పడినను ఉత్తరములు పోవు.

దస్త్రము ఒకరి యింట నుండుటకును, కచేరీలో నుండుటకును గల భేదము మీకు చెప్పవలసినది కాదు. ఆంధ్రప్రదేశములో 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. అంతకు పూర్వము ఊరి అడంగలు, భూమి లెక్కలు కరణముగారి యింటి పెట్టెలోనే యుండుట మీలో పెద్దవారు కన్నులార చూచినదే. కరణము మంచివాడైన ఊరికి మేలు. కాని ఊరి హక్కు ఒక మనిషి మంచితనము మీద ఆధారపడియుండుట మేలు కాదు. సంఘము ఈమెయిలును కార్యదర్శి యొక్క ఒక్క కంప్యూటరులోనికే దించుకొనుట ఆ పెట్టె పద్ధతి. సర్వరునందుంచి అర్హులందరును చూచుకొనుట కచేరీ పద్ధతి. పలు రకముల ఫోనులు, కంప్యూటరులు ఉన్న సంఘమునకు రెండవదియే తగినది.

యంత్రమునకును, ఉత్తరమునకును విడరాని ముడి వేసినచో ఏమగునో బ్లాక్‌బెర్రీ కథ తెలుపును. కెనడా దేశపు కంపెనీయొకటి 1999లో చేతిలో పట్టు ఈమెయిలు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. తరువాత వచ్చిన దాని ఫోనులను మంత్రులు, పెద్ద వర్తకులు సహితము మోజుపడి వాడిరి. ఆ ఫోనులకు ఉత్తరములు ఆ కంపెనీ సొంత సర్వరుల మీదుగానే వచ్చుచుండెను. 2011 అక్టోబరులో ఆ సర్వరులు చెడగా, పలు దేశములలో మూడు దినముల పాటు ఉత్తరములు నిలిచిపోయినవి. 2022 జనవరి 4వ తేదీన ఆ పాత ఫోనులకు కంపెనీ తన సేవను శాశ్వతముగా ముగించెను. ఆనాడు పాతఫోను చేతిలో నిక్షేపముగా నున్నను, దానికి కంపెనీ చేయు ఊడిగము నిలిచిపోయినది. తెరచియున్న బాటలో నడచు ఉత్తరమునకైతే ఫోను మారిన చాలును.

ఈమెయిలు సంగతి ఇట్లుండగా, వెబ్‌సైటు సంగతి చూతము. స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరము వద్ద సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయము కలదు. అచ్చటికి నానా దేశముల శాస్త్రజ్ఞులు నానావిధములైన కంప్యూటరులతో వచ్చెదరు. ఒకరి కాగితములు మరియొకరి యంత్రమునందు తెరచుకొనవు. ఈ చిక్కు తీర్చుటకు టిమ్ బెర్నర్స్-లీ అను ఇంగ్లీషువాడు 1989లో ఒక ఉపాయము వ్రాసియిచ్చి, 1990 చివరకు దానిని పనిలో పెట్టెను. అదియే వెబ్. మొదటి వెబ్ సర్వరు ఆయన బల్ల మీది కంప్యూటరే. ఎవరైన పొరపాటున దాని మీట నొక్కి ఆపివేయుదురేమోయని, ఇది సర్వరు, దీనిని ఆపకూడదు అని ఎఱ్ఱసిరాతో వ్రాసి దానికి అంటించిరి. హోస్టింగు అను నేటి వ్యాపారమంతయు ఆ చీటిలోనే యున్నది. మన పుటలను ఎన్నడును ఆపని కంప్యూటరులో ఉంచుట, దానికి కరెంటు, కావలి, మరమ్మతు చూచుట, అడిగినవారికి ఆ పుటలను రాత్రింబవళ్ళు అందించుట. ఇదియే మన పుటలకు విడిది యిచ్చుట.

ఐతే బెర్నర్స్-లీ చేసిన చదువు సాధనము ఆయన వాడు ఖరీదైన నెక్స్ట్ కంప్యూటరులలోనే పని చేయును. శిక్షణకై వచ్చియున్న విద్యార్థిని నికోలా పెల్లో ఏ కంప్యూటరులోనైనను నడచునట్టి మరియొక సాధనమును నిర్మించెను. అందులో బొమ్మలు లేవు, సొగసు లేదు. అక్షరములు మాత్రము పంక్తి పంక్తిగా కనబడును. కాని అందరికిని కనబడును. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు వెబ్ పద్ధతిని రుసుము లేకుండ లోకమునకు విడిచిపెట్టిరి. ఆ సంవత్సరముననే, వెబ్‌కు పోటీగానుండిన గోఫర్ అను పద్ధతికి మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు కొందరివద్ద రుసుము పుచ్చుకొందుమని ప్రకటింపగా, జనులు సంశయించి దానికి దూరమగుట మొదలిడిరి. కొలది యేండ్లలో గోఫర్ మూలపడినది. వెబ్ లోకమంతట వ్యాపించినది.

వెబ్ వ్యాపించిన తోడనే ఉచితపు విడుదులు వెలసినవి. 1994లో ప్రారంభమైన జియోసిటీస్ అను సంస్థ ఎవరికి కావలసిన పుటలను వారు ఉచితముగా పెట్టుకొనుడని చోటు చూపెను. పేటలు, వీధులు అని పేర్లు పెట్టి, ఊరు కట్టినట్లు కట్టిరి. లక్షలకొలది జనులు తమ కుటుంబ చరిత్రలు, పాటలు, వంటలు, స్నేహితుల స్మృతులు అందు వ్రాసికొనిరి. 1999లో యాహూ కంపెనీ దానిని కోట్లాది డాలర్లకు కొనెను. 2009 ఏప్రిల్‌లో మూసివేతుమని ప్రకటించి, అక్టోబరులో మూసివేసెను. కొందరు స్వచ్ఛంద సేవకులు దొరికినంత వరకు నకళ్ళు తీసి భద్రపరచిరి, తక్కినది పోయినది. అందు వ్రాసికొన్నవారు ఎవరి యింటను అద్దె కట్టలేదు. కనుక ఎవరిని నిలదీయుటకును వారికి హక్కు లేకపోయినది. పుణ్యానికి పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడినట్లని సామెత యున్నది గదా. ఉచితముగా పుచ్చుకొన్నవాడు కొలత తప్పినదని కేకలు వేసిన వినువారెవరు?

ఉచితపు ఈమెయిలు కథయు ఇట్టిదే. 1996 జూలై 4వ తేదీన మన దేశమున పెరిగి అమెరికాకు పోయిన సబీర్ భాటియా, ఆయన మిత్రుడు జాక్ స్మిత్ హాట్‌మెయిల్‌ను తెరచిరి. ఏ దేశమునందైనను, ఎవరి కంప్యూటరు ముందు కూర్చుండియైనను తన ఉత్తరమును చదువుకొను సదుపాయమది. లోకమునకది నిజముగా మేలు చేసినది. మరుసటి యేడే మైక్రోసాఫ్టు దానిని కొనెను. 2004 ఏప్రిల్ 1వ తేదీన గూగుల్ జీమెయిల్‌ను ప్రకటించి, తక్కినవారు ఇచ్చుచుండిన దానికి కొన్ని వందల రెట్లు అధికమైన చోటునిచ్చెను. 2006లో సంఘములు, చిన్న వ్యాపారములు తమ సొంత పేరుతోనే ఈమెయిలు పెట్టుకొనుటకు గూగుల్ ఉచితముగా వీలు కల్పించెను. 2012 డిసెంబరులో క్రొత్తవారికి ఆ ఉచితమును నిలిపివేసెను. 2022 జనవరిలో పాతవారును ఇకమీద రుసుము కట్టవలెనని తెలిపెను. గగ్గోలు పుట్టిన తరువాత, వ్యాపారమునకు గాక సొంతమునకు వాడుకొనువారిని మాత్రము ఉచితముగా కొనసాగనిచ్చెను. ఇందు ఆ సంస్థను నిందింపవలసినది లేదు, ఇల్లు వారిది. కాని గమనింపుడు: సొంత డొమైను పేరున్నవారు ఆనాడు వేరొక సంస్థకు మారగలిగిరి, వారి చిరునామా మారలేదు. కుడి ప్రక్కన సంస్థ పేరే గలవారైనచో మారుటయనగా క్రొత్త చిరునామాను పరిచయస్థులందరికిని మరల చెప్పుకొనుటయే.

మన దేశముననే చూడుడు. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ మహానగరములలో ప్రజలకు ఇంటర్నెట్టు నిచ్చెను. ఆనాడు ఆ సంస్థ పేరు తోకగాగల ఈమెయిలు చిరునామా గొప్పతనమునకొక గురుతు. 2002లో ఆ సంస్థ టాటావారి యాజమాన్యమునకు పోయెను. 2008లో పేరే మారినది. సంస్థలు చేతులు మారును, పేర్లు మార్చుకొనును. అది వర్తక ధర్మము. మన చిరునామాను వారి పేరునకు కట్టివేసికొన్నపుడు, వారి ఎగుడుదిగుడులన్నియు మనవగును.

పేరు సొంతమైనంత మాత్రమున నిశ్చింతగా నిదురింపవచ్చునా? అదియు లేదు. డొమైను పేరు కొన్న పొలము వంటిది కాదు, కౌలు వంటిది. గడువునకు రుసుము కట్టుచుండవలెను. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు వంటి మహా సంస్థయే తన పేర్లలో నొకదానికి గడువు రుసుము కట్టుట మరచెను. ఆ పేరు మీదుగానే హాట్‌మెయిల్ తలుపు తెరచుకొనవలసియుండుటచే, పలువురు తమ ఉత్తరములను చేరలేకపోయిరి. సంస్థతో సంబంధము లేని యొకడు తన చేతినుండి 35 డాలర్లు కట్టి ఆ చిక్కు తీర్చెను. అంతటి సంస్థయే మరచినపుడు మన గ్రంథాలయ సంఘము మరచుట యెంత సేపు?

అట్లే ఇల్లు గొప్పదైనను నిప్పునకు భయపడవలసినదే. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గ్ నగరములో ఓ.వి.హెచ్. అను హోస్టింగు సంస్థ భవనమొకటి తగులబడెను. లక్షలకొలది వెబ్‌సైటులు ఒక్క రాత్రిలో మాయమైనవి. నకలును వేరొకచోట ఉంచుకొన్నవారు కొలది దినములలో తేరుకొనిరి. నకలును అదే ఆవరణలో ఉంచినవారిలో కొందరికి అసలును, నకలును రెండును బూడిదయైనవి.

మన తెలుగునకు ప్రత్యేకముగా చెందిన మాట యొకటి చెప్పెదను. వెబ్ వచ్చిన తొలినాళ్ళలో తెలుగు వార్తాపత్రికలు ఒక్కొక్కటి తనకు తోచిన ఫాంటుతో, తనకు తోచిన సంకేతములతో పుటలు పెట్టినవి. ఆ ఫాంటు మన కంప్యూటరులో లేనిచో తెలుగునకు బదులు పిచ్చిగీతలు కనబడెడివి. లోకములోని లిపులన్నిటికి ఒకే సంకేతముల పట్టికగా యూనికోడు 1991లో వెలువడినది; అందు మొదటినుండియు తెలుగునకు స్థానము కలదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆ పద్ధతినే అనుసరించుటచే, దానిని నేడు ఏ ఫోనులోనైనను చదువుకొనవచ్చును. నాటి సొంత ఫాంటుల పుటలు చదువవలెనన్న ఇప్పుడు ప్రత్యేకముగా మార్పిడి చేసికొనవలసియున్నది. అందరి బాటను పట్టిన అక్షరము నిలిచినది. అంతేకాదు, వెబ్‌సైటు పేరు చివర తెలుగు లిపిలోనే "భారత్" అని ఉంచుకొను వీలును నేడు కలదు. ఐతే ఈమెయిలు చిరునామాను తెలుగు లిపిలో నుంచినచో అన్ని సంస్థలును ఇంకను దానిని స్వీకరింపవు గనుక, ఇంగ్లీషు అక్షరముల చిరునామాను తోడుగా నుంచుకొనుట మంచిది.

ఇంతవరకు చెప్పిన చరిత్రనుండి పెద్దలు సభలో అడుగవలసిన ప్రశ్నలు వాటంతట అవియే తేలును.

మొదటిది: పేరు ఎవరిది? డొమైను పేరు సంఘము పేరనే రిజిస్టరు కావలెను. కుర్రవాని పేర గాని, వెబ్‌సైటు కట్టియిచ్చిన మేస్త్రీ పేర గాని కారాదు. వాడు రేపు హైదరాబాదుకో అమెరికాకో పోవును. సంఘము ఊరిలోనే యుండును. గడువు తేదీని తీర్మానముల పుస్తకములో వ్రాయుడు. సంకేతపదమును ఇద్దరు ఎరిగియుండవలెను; ఒక ప్రతి సీలు వేసిన కవరులో బీరువాలో నుండవలెను. చిరునామాలును మనుష్యుల పేర గాక, కార్యదర్శి, కోశాధికారి అని పదవుల పేర నుండవలెను. పదవి మారినపుడు దస్త్రము చెక్కుచెదరక క్రొత్తవారికి చేరును.

రెండవది: ఈ విడిదిలో అన్ని యంత్రములకు ప్రవేశమున్నదా? ఐమాప్ పద్ధతి యున్నదా యని అడుగుడు. సొమ్ము కట్టకముందు సంఘములోని మిక్కిలి పాత యంత్రముతోను, మిక్కిలి క్రొత్త ఫోనుతోను పరీక్షింపుడు. ఫోనులో పంపిన ఉత్తరము కంప్యూటరులోని పంపినవాటి జాబితాలో కనబడవలెను. సమావేశముల తేదీల పట్టిక, చిరునామాల పుస్తకము కూడ అన్నిటిలో ఒకటిగా నుండవలెను. పాత యంత్రముల విషయమున ఒక హెచ్చరిక: 2022లో గూగుల్, మైక్రోసాఫ్టు రెండును భద్రత కొరకు, కేవలము సంకేతపదముతో తలుపు తెరచు పాతపద్ధతిని చాలవరకు నిలిపివేసినవి, క్రొత్తపద్ధతి తెలియని కంప్యూటరులు నాడు వాకిటనే ఆగిపోయినవి.

మూడవది: విడిది విడిచి పోదలచినపుడు సామాను తీసికొనిపోనిత్తురా? ఉత్తరములన్నిటిని, పుటలన్నిటిని మూటగట్టి తెచ్చుకొను మార్గము చూపనివారి యింట దిగరాదు. మూడు నెలలకొక పర్యాయము నకలు తీసి, ఆ సంస్థతో సంబంధము లేని మరియొక చోట దాచుడు. దాచిన నకలు తెరచుకొనుచున్నదో లేదో ఏడాదికొకసారి చూచుకొనుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

నాలుగవది: రెండవ యేటి ధర యెంత? మొదటి యేడు చౌకగా చూపి, రెండవ యేడు పెంచుట ఈ వ్యాపారములో తరచుగా నున్నదే. చిక్కు వచ్చినపుడు పలుకు మనిషి యెవరు, ఏ భాషలో పలుకును అనునది కూడ ధరలో భాగమే.

ఇన్ని చిక్కులేల, మన సర్వరును మన యింటనే ఉంచుకొనరాదా యని కొందరు అడుగవచ్చును. వెబ్ పుటలకైతే సమర్థుడైనవాడు ప్రయత్నింపవచ్చును. ఈమెయిలునకు మాత్రము నేడది కష్టసాధ్యము. దొంగ ఉత్తరముల బెడదచే పెద్ద సంస్థలు, ఉత్తరము పంపిన యిల్లు నిజమైనదో కాదో కఠినముగా పరీక్షించుచున్నవి. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ ఈ పరీక్షలను, విశేషించి పెద్ద యెత్తున పంపువారి విషయమున, మఱింత బిగించినవి. అలవాటు లేని యింటినుండి పోయిన ఉత్తరము గమ్యము చేరక చెత్తబుట్టలో పడును. కావున ఇల్లు అద్దెదైనను కొదవ లేదు.

పెద్దలారా, చరిత్ర చెప్పునది ఒక్కటే. ఇల్లు అద్దెది కావచ్చును. పేరు మాత్రము మనది కావలెను. యంత్రములు ఎన్ని రకములవైనను కావచ్చును. బాట మాత్రము అందరిది కావలెను. కోటలు కట్టినవారు పోయిరి. ఉచితముగా పిలిచినవారు కొందరు తలుపులు మూసికొనిరి. గొప్ప భవనములు కాలినవి. 1982 నాటి ఉత్తరపు బాట, 1983 నాటి పేర్ల పద్ధతి, 1993లో లోకమునకు విడిచిన వెబ్ పద్ధతి నేటికిని నిలిచియున్నవి. నిలిచినవానిని పట్టుకొని, నిలువనివానిని అద్దెకు వాడుకొనుటయే వివేకము.

మీ సంఘము తదుపరి సభలో ఈ విషయము వచ్చినపుడు, కుర్రవాండ్రను కూర్చుండబెట్టి ఈ నాలుగు ప్రశ్నలను అడుగుడు. యంత్రము సంగతి వారికి తెలియును. దస్త్రము విలువ మీకు తెలియును. రెండును కలిసిననాడు ఊరి ఉత్తరములు మన మనుమలకును అందును.